దామాషా ఎవరి లెక్క?

రెండు అంకెలతో మొదలుపెడతాను. 2019 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి 39.17 శాతం ఓట్లు వచ్చాయి. 175 సీట్లలో 23 దక్కాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి 39.37 శాతం ఓట్లు వచ్చాయి. 11 సీట్లు దక్కాయి. ఓట్ల దామాషాలో సీట్లు పంచితే రెండుసార్లూ ఓడిన పార్టీకి 69 దాకా రావాలి. నూటికి నలభైమంది దాకా వేసిన ఓటు సభలోకి వెళ్లేసరికి ఒకసారి పదమూడు పాళ్లయింది, ఇంకోసారి ఆరు పాళ్లయింది. ఓడినవాళ్లకి గుర్తొచ్చి, గెలిచినవాళ్లకి గుర్తురాని లెక్క ఇది.

ఆ 11 సీట్లలో రెండు అరకు, పాడేరు. గూడెం కొత్తవీధి మండలం పాడేరు నియోజకవర్గంలో ఉంది. రాష్ట్రమంతా ఒకవైపు మొగ్గితే కొండ ఇంకోవైపు నిలబడింది. దామాషా ప్రాతినిధ్యం గురించి మనదగ్గర జరిగే చర్చలో ఈ కొండ ఎక్కడుంది? ఆ కొండమీద ఆడవాళ్లు ఎక్కడున్నారు? ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది ఇదే.

ఎన్నికల పద్ధతి గురించి ఒక సాహిత్య పత్రికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఒక కథని చదివేటప్పుడు స్త్రీవాద విమర్శ అడిగే ప్రశ్నలు మూడున్నాయి. ఎవరు చెబుతున్నారు? ఎవరి గురించి చెబుతున్నారు? ఎవరి తరఫున చెబుతున్నారు? చివరి రెండూ ఒకటి కావని గాయత్రీ చక్రవర్తి స్పివాక్ చాలాకాలం క్రితమే చెప్పింది. ఒకరిని చిత్రించడం వేరు, ఒకరి తరఫున నిలబడడం వేరు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట ఉండడంవల్ల జరిగే గందరగోళం తెలుగులో జరగనక్కర్లేదు, మనకి చిత్రణ, ప్రాతినిధ్యం అని రెండు మాటలున్నాయి. అయినా జరుగుతోంది. ఎన్నికల సంస్కరణల మీద మన మేధావులు రాసేదాంట్లో 'ప్రజలు' అనే పాత్ర ఒకటి ఉంటుంది. ఆ పాత్రకి చదువు రాదు, లెక్కలు రావు, డబ్బుకీ కులానికీ లొంగుతుంది. ఇది చిత్రణ. ఈ చిత్రణ మీదనే ఆ ప్రజలకి ఎలాంటి ప్రాతినిధ్యం తగునో నిర్ణయిస్తున్నారు. కాబట్టి ఈ చర్చని కూడా ఒక రచనని చదివినట్టే చదవాలంటాను.

'వాళ్లకి అర్థంకాదు'

ఈ పాత్ర పుట్టిన చోటు రాజ్యాంగసభ. 1949 జనవరిలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ లోక్‌సభకి దామాషా పద్ధతి ఉండాలని సవరణ తెచ్చాడు. అంబేద్కర్ దాన్ని తోసిపుచ్చుతూ చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది అక్షరాస్యత. అంకెలైనా గుర్తుపట్టగలిగిన ఓటర్లుంటే తప్ప ఆ పద్ధతి సాగదన్నాడు. ప్రభుత్వం ముక్కలు చెక్కలవుతుందనేది మరో కారణం. అట్టడుగువాళ్ల మీద నమ్మకంలేక ఆయన ఈ మాట అన్నాడని ఎవరూ అనలేరు. వయోజనులందరికీ ఓటు కోసం నిలబడిన మనిషి ఆయన. కానీ ఆ వాదన ఆయనతో ఆగలేదు. చదువుకున్నవాళ్ల సంఖ్య ఎన్ని రెట్లు పెరిగినా అది అలాగే నిలిచి ఉంది. ఆయన చేతిలో అది ఆనాటి పరిస్థితి గురించిన అంచనా. తర్వాతివాళ్ల చేతిలో అది ప్రజల స్వభావం గురించిన తీర్పయింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ రాజ్యాంగసభ సభ్యుల్లో రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లని 1946లో రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్నది దామాషా పద్ధతిలోనే. రాష్ట్రపతినీ రాజ్యసభ సభ్యులనీ ఇప్పటికీ ఎన్నుకునేది ఆ పద్ధతిలోనే. ఓటరు ఒకటి, రెండు, మూడు అని తన ఇష్టాల వరసని రాస్తాడు. అంటే ప్రతినిధులు తమలో తాము ఎన్నుకునేటప్పుడు దామాషా, మనం వాళ్లని ఎన్నుకునేటప్పుడు ఎవరికి ఒక్క ఓటు ఎక్కువైతే వాళ్లదే అంతా. పెద్దవాళ్ల పంక్తికి ఒక వంటా, బయట పంక్తికి ఒక వంటా.

ఈ చర్చలో తెలుగువాళ్ల పాలు తక్కువేమీ కాదు. 1999లో లా కమిషన్ 170వ నివేదిక, లోక్‌సభకి అదనంగా కొన్ని సీట్లు చేర్చి వాటిని పార్టీల జాబితాల నుంచి ఓట్ల దామాషాలో నింపాలని సిఫారసు చేసింది. అప్పుడు కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. 1996లో మొదలైన లోక్‌సత్తా, దాని వ్యవస్థాపకుడు జయప్రకాశ్ నారాయణ్ దామాషా గురించి ఊరూరా మాట్లాడారు. 2000లో 'మానుషి' సంపాదకురాలు మధు కిష్వర్, జయప్రకాశ్ నారాయణ్, ధీరూభాయ్ షేఠ్, యోగేంద్ర యాదవ్ వంటివాళ్లు కలిసి మహిళా రిజర్వేషన్ బిల్లుకి ప్రత్యామ్నాయం ప్రతిపాదించారు. సీట్లు కేటాయించే బదులు, మూడోవంతు టిక్కెట్లు స్త్రీలకి ఇవ్వడం పార్టీలకి తప్పనిసరి చేయాలన్నారు. గెలవని సీట్లు ఏరి మనకిస్తారు కదా అని స్త్రీల సంఘాలు అడిగిన ప్రశ్న ఆనాటిదే. దాన్ని మళ్లీ తీసుకుంటాను. ఈ చర్చలన్నిటిలోనూ ఆదివాసీ స్త్రీ లెక్కలో ఉంది, మాటలో లేదు.

పార్వతీపురం, 1957

ఎన్నికల పద్ధతి ఉత్త అంకగణితం అని నమ్మేవాళ్లకి నేను చూపించే ఉదాహరణ మన కొండల అంచునే ఉంది.

మొదటి రెండు సాధారణ ఎన్నికల్లో కొన్నిచోట్ల ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరిని ఎన్నుకునేవాళ్లు. ఒక సీటు జనరల్, ఒక సీటు రిజర్వుడు. ఓటరుకి రెండు ఓట్లు. 1952లో విశాఖపట్నం అలాంటి స్థానమే. రంప పితూరీలో అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడి, జైలుశిక్ష అనుభవించిన గాం మల్లుదొర, లంకా సుందరంతోపాటు అక్కడినుంచి మొదటి లోక్‌సభకి వెళ్లాడు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసుస్టేషన్ మీద దాడితో మొదలైన పితూరీ మనిషి, ముప్ఫై ఏళ్లకి పార్లమెంటు మెట్లెక్కాడు.

1957లో పార్వతీపురం కూడా రెండు సీట్ల స్థానం. పోటీలో నలుగురు. జనరల్ అభ్యర్థులు ఇద్దరు, అందులో ఒకరు కేంద్రమంత్రిగా పనిచేసిన వి.వి. గిరి. గిరిజన అభ్యర్థులు ఇద్దరు, బి. సత్యనారాయణ, డిప్పల సూరిదొర. ఓట్లు లెక్కపెడితే పై రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే ఉన్నారు. రిజర్వుడు సీటు సత్యనారాయణకి పోగా, మిగిలినవాళ్లలో ఎక్కువ ఓట్లున్న సూరిదొరకి జనరల్ సీటు దక్కింది. గిరికి ఆరువందల లోపు ఓట్లు తక్కువపడ్డాయి. జనరల్ సీటు గిరిజనుడికి ఎలా ఇస్తారని గిరి కోర్టుకెళ్లాడు. సూరిదొర అసలు గిరిజనుడేనా అనే ప్రశ్న కూడా కోర్టుకి వచ్చింది. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర ఎన్నికని నిలబెట్టింది. రిజర్వేషన్ అంటే కనీసం ఇన్ని అని హామీయే తప్ప ఇంతకు మించరాదని గీసిన గీత కాదనేది ఆ తీర్పు సారం.

1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలని రద్దుచేసింది. విస్తీర్ణం పెద్దది, ఖర్చు ఎక్కువ లాంటి కారణాలు చెప్పారు. అవి అబద్ధం కాదు. కానీ పార్వతీపురం ఫలితం జనరల్ సీటు మీద కన్నున్న నాయకులలో రేపిన గుబులు కూడా ఆ కారణాల్లో ఒకటని ఈ చరిత్ర చదివినవాళ్లు చెబుతారు. గిరిజనుడు తనకి గీసిచ్చిన గడిలోంచి బయటికొచ్చి గెలవగానే గడులు మార్చారు. పెద్దగా ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా, ప్రజలకి అర్థమవుతుందా లేదా అనే సందేహం లేకుండా జరిగిపోయిన ఎన్నికల సంస్కరణ అది.

ఈ కథకి ఇంకో మలుపుంది. 1969లో అదే వి.వి. గిరి నీలం సంజీవరెడ్డి మీద రాష్ట్రపతిగా గెలిచాడు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాకనే గిరి గెలిచాడు. ఓటరుకి రెండు ఓట్లున్న పద్ధతిలో ఓడిన మనిషి, ఓటరుకి రెండో ఇష్టం రాసుకునే వీలున్న పద్ధతిలో దేశానికి ప్రథమ పౌరుడయ్యాడు. మొదటి వీలుని కొండప్రాంతపు ఓటరు నుంచి తీసేశారు. రెండోది పెద్దల దగ్గర భద్రంగా ఉంది.

ఏడింట నలుగురు

ఇప్పుడు ఆడవాళ్ల దగ్గరికి వస్తాను. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో గిరిజనులకి 7 స్థానాలున్నాయి. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. లోక్‌సభలో 25కి ఒక్కటి, అరకు. వీటిలో స్త్రీలకంటూ కేటాయించిన సీటు ఒక్కటీ లేదు.

2014లో ఈ ఏడింటిలో నాలుగుచోట్ల స్త్రీలు గెలిచారు. పాలకొండలో విశ్వాసరాయి కళావతి, కురుపాంలో పాముల పుష్పశ్రీవాణి, పాడేరులో గిడ్డి ఈశ్వరి, రంపచోడవరంలో వంతల రాజేశ్వరి. 2019లో మళ్లీ నలుగురు. పాలకొండ, కురుపాం అవే పేర్లు, పాడేరులో కొట్టగుళ్లి భాగ్యలక్ష్మి, రంపచోడవరంలో నాగులపల్లి ధనలక్ష్మి. 2024లో రాష్ట్రం గాలి తిరగబడినా ముగ్గురున్నారు. సాలూరులో గుమ్మిడి సంధ్యారాణి, కురుపాంలో తోయక జగదీశ్వరి, రంపచోడవరంలో మిర్యాల శిరీషాదేవి. లోక్‌సభకి అరకు నుంచి 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మా తనూజారాణి. వరసగా మూడుసార్లు స్త్రీలే. 2014లోనూ 2024లోనూ రెండోస్థానంలో ఉన్నది కూడా స్త్రీయే.

2019 సభలో మొత్తం స్త్రీలు 14 మంది. ఏడు గిరిజన స్థానాల నుంచి నలుగురు. మిగిలిన 168 స్థానాల నుంచి పదిమంది. ఒకచోట సగానికి పైన, ఇంకోచోట నూటికి ఆరు. మహిళా బిల్లు మొదట పార్లమెంటు గడప తొక్కింది 1996లో. 2010లో రాజ్యసభలో నెగ్గి ఆగిపోయింది. 2023లో చట్టమయింది, అప్పుడు కూడా జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలన్న షరతుతో. ఆ పాతికేళ్ల పైచిలుకు మైదానం వాదించుకుంటూ ఉంటే కొండ పంపిస్తూ వచ్చింది.

దీన్ని సంబరంగా చదవాలనే కోరిక నాకూ ఉంది. కానీ ఇదే లెక్కని ఇంకోవైపు నుంచి కూడా చదవాలి. పార్టీ అధినేతకి స్త్రీల కోటా చూపించుకోవాలి. మైదానంలో ఒక స్త్రీకి టిక్కెట్టిస్తే అక్కడ డబ్బూ కులమూ ఉన్న ఒక మగవాడు అలుగుతాడు. గిరిజన స్థానంలో ఇస్తే ఏ బలమైన కులమూ అలగదు. అలిగే గిరిజన పురుషుడి అలకకి రాజధానిలో విలువ లేదు. పైగా గిరిజనులకీ ఇచ్చినట్టు, స్త్రీలకీ ఇచ్చినట్టు, ఒక దెబ్బకి రెండు పిట్టలు. సాటి ఆడవాళ్లుగా ఆ ఏడింట నలుగురిని చూసి మనం గర్వపడే సమయంలోనే, మిగిలిన నూట అరవై ఎనిమిదింట పదిమందే ఎందుకో కూడా అడగాలి. మగవాళ్ల ఆధిపత్యం తన సొంత పెరడుని కాపాడుకుంటూ, స్త్రీలకి చోటివ్వాల్సిన భారాన్ని కూడా కొండమీదికి ఎత్తింది.

ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. మాధవి మాజీ ఎమ్మెల్యే గొడ్డేటి దేముడు కూతురు కదా, తనూజారాణి మాజీ ఎమ్మెల్యే కోడలు కదా అని తేలిగ్గా తీసేసే మాటలు వింటుంటాం. 2019లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసిన మాధవి ఓడించిన కిశోర్ చంద్రదేవ్ కురుపాం జమీందారీ కుటుంబం నుంచి వచ్చినవాడు. అతనికి వంశం ఉండడం హోదా, ఆమెకి తండ్రి ఉండడం లోపం. ఈ కొలతల్ని మనం మోయనక్కర్లేదు.

బస్సులో ఆడవాళ్ల సీట్లు

మరి దామాషా పద్ధతి వస్తే ఈ స్త్రీలకి మేలా?

దామాషా కావాలనేవాళ్లు చూపించే ఉదాహరణల్లో మనకి దగ్గరిది నేపాల్. 2008 రాజ్యాంగసభ ఎన్నికల్లో కొన్ని సీట్లకి నేరుగా పోటీ, ఎక్కువ సీట్లకి పార్టీల జాబితాలు. జాబితాల్లో సగం స్త్రీలుండాలి, జనజాతులకీ దళితులకీ మధేశీలకీ వాటా ఉండాలి. 601 మంది సభలో 197 మంది స్త్రీలు కూర్చున్నారు. దక్షిణాసియాలో అది చిన్న విషయం కాదు. కానీ ఆ స్త్రీలు ఏ తలుపు నుంచి వచ్చారో చూస్తే, నేరుగా గెలిచినవాళ్లు 30, జాబితాల నుంచి 161, నియమితులైనవాళ్లు 6. 2017 ప్రతినిధిసభ ఎన్నికల్లో నేరుగా గెలిచినవాళ్లు 6కి పడిపోయారు, జాబితాల నుంచి 84. 2022లో 9, 82. చట్టం మూడోవంతు స్త్రీలని అడిగింది. పార్టీలు ఆ మూడోవంతుని జాబితాతో నింపి, పోటీ సీట్లని మగవాళ్లకి దాదాపు పూర్తిగా రాసిచ్చాయి.

ఆర్టీసీ బస్సెక్కే మనకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. ముందు నాలుగు వరసల మీద 'స్త్రీలకు' అని రాసి ఉంటుంది. ఆ నాలుగు వరసలూ నిండాక వెనకసీట్లో కూర్చోబోతే, "మీ సీట్లు ముందున్నాయి కదమ్మా" అంటాడు మగవాడు. ఎక్కడా 'పురుషులకు' అని రాసి లేదు. రాయనక్కర్లేదు.

దీనర్థం జాబితాలు వద్దని కాదు. ముప్ఫైకంటే నూట తొంభై ఏడు పెద్దది. కానీ ఏ జాబితా అన్నది అడగాలి. వరస ఎవరు రాస్తారు? రాజధానిలో కూర్చున్న అధినేతా, పార్టీ సభ్యులా? ఓటరు ఆ వరసని మార్చగలదా? దామాషా గురించి తెలుగులో వచ్చే రాతలు ఎక్కువగా పార్టీకీ పార్టీకీ మధ్య న్యాయం గురించి రాసినవి. పార్టీ లోపల న్యాయం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతుంది. 39 శాతానికి 69 సీట్లు న్యాయమే. ఆ 69 పేర్లు రాసే చెయ్యి ఎవరిదన్నది మాత్రం ఇంటివిషయం. ఇంటివిషయం అనే మాటని స్త్రీవాదులం ఎప్పుడూ నమ్మలేదు, ఇక్కడా నమ్మకూడదు.

సంతలో ఒక సంభాషణ

గూడెం కొత్తవీధి సంతలో నేను ఈ విషయం ఎత్తినప్పుడు నా చుట్టూ అల్లం, పసుపు, మిరియాలు పెట్టుకుని కూర్చున్న ఐదారుగురు ఆడవాళ్లున్నారు. దామాషా అనే మాట వాడలేదు. ఒక మనిషికి వేసే ఓటు కాకుండా పార్టీకి ఇంకో ఓటు ఉంటే ఎలా ఉంటుందని అడిగాను.

"రెండోట్లా?" అంది ఒక పెద్దామె. "ఒక ఓటు కోసమైతే కొండెక్కి వస్తన్నారు మేడమ్. పార్టీకి ఏసినోటుకి ఎవులొస్తారు? పార్టీకి కాళ్లుంటాయా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగాక నేను ఒకటీ, రెండూ అని ఇష్టాలు రాసే పద్ధతి చెప్పాను. దానికి వివరణ అవసరంలేకపోయింది. "ఈ సావుకారి తూకంలో కొట్టేస్తే ఆ సావుకారి దగ్గరికెల్తాం. అలగే కదా?" అంది ఇంకొకామె. "మొదటోడు ఓడిపోతే నా ఓటు రెండోడికెల్తాది. మురిగిపోదు." చదువుకున్న సభల్లో అరగంట పట్టే విషయం అది.

వాళ్లలో వార్డు సభ్యురాలు ఒకామె ఉంది. ఆమె అంతసేపూ మాట్లాడలేదు. వెళ్లేముందు అంది. "ఎన్ని ఓట్లయినా ఎట్టండి. పురుటి నొప్పులొస్తే డోలీ కట్టి మోస్తన్నారు మా ఊళ్లో. ఓటడగడానికి ఏ దార్లో వచ్చినారో, గెలిచాక ఆ దార్లో ఒక్కసారి నడిచి రమ్మనండి."

దామాషా మీద నేను చదివిన ఆక్షేపణలన్నిటిలోకీ బలమైనవి ఇక్కడే విన్నాను. ఒకటి, పార్టీకి కాళ్లుండవన్నది. కొండమీద స్త్రీ చేతిలో ఉన్న ఒకేఒక్క పట్టు, అయిదేళ్లకోసారైనా అభ్యర్థి తన గుమ్మం దాకా ఎక్కి రావలసి రావడం. జాబితా ఆ కాస్త పట్టునీ తీసేస్తుంది. రెండోది, ఇప్పుడున్న పద్ధతి కూడా ఆ దారి నడిపించడం లేదన్నది. అరకు లోక్‌సభ స్థానం నాగావళి పక్కనుంచి గోదావరి ఒడ్డుదాకా ఉంది. 2008 పునర్విభజనలో చింతపల్లి నియోజకవర్గం పోయి, గూడెం కొత్తవీధి పాడేరులో కలిసింది. అయిదు మండలాల కొండలకి ఒక ఎమ్మెల్యే. అది కూడా ఎన్నికల సంస్కరణే, దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదంతే.

నోటా చెప్పే కథలు

ప్రజాభిప్రాయం గురించి చివరగా ఒక మాట. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో ఓటింగ్ యంత్రం మీద నోటా మీట వచ్చింది. అరకు లోక్‌సభ స్థానంలో 2024లో యాభై వేల పైచిలుకు ఓట్లు నోటాకి పడ్డాయి. తనూజారాణి మెజారిటీ కూడా యాభై వేల పైచిలుకే. పట్నంలో నోటాకి ఓట్లు పడితే విద్యావంతుల నిరసన, చైతన్యం అంటారు. కొండమీద పడితే తెలియక నొక్కారు, యంత్రం చూసి తికమకపడ్డారు అంటారు. ఒకే మీట, ఒకే వేలు. చదివేవాడు మారాడు. కొందరు తెలియక నొక్కి ఉండవచ్చు, పట్నంలోనూ నొక్కి ఉండవచ్చు. కానీ 2015లో జెర్రెల కొండల బాక్సైట్‌కి అటవీభూమిని ఇస్తూ జీవో వచ్చినప్పుడు 'మాకు వద్దు' అని నిలబడిన కొండ ఇది. ఆ జీవో 2019లో రద్దయింది. వద్దనడం ఈ మనుషులకి తెలిసిన భాష. ఆ భాష బ్యాలెట్ మీద కనిపిస్తే దాన్ని పొరపాటుగా చదవడం విమర్శ కాదు, పాత అలవాటు.

ప్రజలకి అర్థంకాదనే వాదనకి జవాబు కెనడా పశ్చిమతీరంలో దొరికింది. 2004లో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ప్రతి నియోజకవర్గం నుంచీ ఒక స్త్రీనీ ఒక పురుషుణ్ణీ చీటీలు తీసి ఎంపికచేశారు, ఆదివాసులు ఇద్దరిని చేర్చారు. ఆ మామూలు మనుషులు నెలల తరబడి కూర్చుని ఎన్నికల పద్ధతులు నేర్చుకుని, ఇష్టాల వరస రాసే దామాషా పద్ధతిని సిఫారసు చేశారు. 2005 రెఫరెండంలో దానికి 57.7 శాతం మంది అవునన్నారు. ప్రభుత్వం ముందే పెట్టుకున్న గీటురాయి 60 శాతం కనుక అది వీగిపోయింది. అభ్యర్థి గెలవడానికి ఒక్క ఓటు ఎక్కువైతే చాలుననే పద్ధతిని మార్చడానికి మాత్రం సగంకంటే ఎక్కువమంది చాల్లేదు. 2018లో మళ్లీ అడిగితే పాత పద్ధతే ఉండనీమన్నారు. ప్రజలు వద్దనడం వేరు, ప్రజలకి అర్థంకాదని మనం అనుకోవడం వేరు.

మనదగ్గర దామాషాకి దగ్గరగా ఉన్న ఒక మాట ఇప్పటికే చట్టంలో ఉంది, కాకపోతే దాన్ని ఎన్నికల చర్చలో ఎవరూ తలుచుకోరు. అటవీహక్కుల నియమాలకి 2012లో చేసిన సవరణ ప్రకారం గ్రామసభకి సభ్యుల్లో కనీసం సగంమంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడోవంతు స్త్రీలుండాలి. లేకపోతే కోరం లేదు. 1996 నాటి పీసా చట్టం ఆవాసాన్ని కూడా గ్రామంగా గుర్తించింది. ఈ రెంటినీ కలిపి చదివితే ఒక కొత్త ఊహ వస్తుంది. మూడోవంతు స్త్రీలు ఎన్నికవ్వాలనడం ఒకటి, మూడోవంతు స్త్రీలు ఎదురుగా కూర్చుంటే తప్ప నిర్ణయమే చెల్లదనడం ఇంకొకటి. మొదటిది ప్రతినిధి గురించి. రెండోది ఆమె ఎవరి తరఫున నిలబడిందో ఆ మనుషుల గురించి. కాగితం మీద సంతకాలు పోగుచేసి కోరం చూపించే సభలు లేవని నేననను. కానీ శాసనసభకైనా పార్లమెంటుకైనా ఇలాంటి కోరం ఉందా? స్త్రీలు నూటికి ఎనిమిదిమంది ఉన్న సభ చేసిన చట్టం కూడా చట్టమే అయింది.

కాబట్టి దామాషా కావాలా వద్దా అన్న ప్రశ్నకి నా జవాబు కావాలనే, నాలుగు షరతులతో. జాబితా వరసని మార్చే హక్కు ఓటరుకి ఉండాలి. జాబితాలో స్త్రీలుంటే సరిపోదు, నేరుగా పోటీచేసే సీట్లలోనూ ప్రతి పార్టీకీ విడిగా లెక్క ఉండాలి, అదీ మైదానంలో విడిగా, రిజర్వుడు స్థానాల్లో విడిగా. కొండప్రాంతపు సీట్లు ఎప్పటికీ నేల మీదే ఉండాలి, జాబితాలోకి ఎగిరిపోకూడదు. ఉన్న ఏడింటినీ తగ్గించకుండా దామాషా సీట్లు వాటికి పైన చేరాలి. నాలుగోది, దీన్ని చర్చించేటప్పుడు ముందు సంతకి వెళ్లాలి, తర్వాత సెమినారుకి.

నలభై శాతం ఓటుకి ఆరుశాతం సీట్లు అన్యాయమని పార్టీలు ఇప్పుడు గొంతెత్తితే సంతోషమే. జనాభాలో సగానికి నూటికి ఎనిమిది సీట్లు అన్న లెక్కని మనం ఇంకా ముందునుంచి చెబుతున్నాం. అప్పుడు దాన్ని దామాషా అనలేదు, ఆడవాళ్ల గొడవ అన్నారు.